లోపం చూపినవారిని దొంగలుగా చూడకండి: ప్రభుత్వానికి, పోలీసులకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్రంలో పౌరుల వివరాలు సేకరించి దాచే శాఖల అధికారులకు, పోలీసు ఉన్నతాధికారులకు, శాసనసభ్యులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసిన బాధితుల డబ్బు మోసగాళ్ల చేతికి చేరకుండా ఆపడానికి మీలో ఎందరో రాత్రింబవళ్లు కష్టపడుతున్నారని తెలుసు. ఆ గౌరవంతోనే రాస్తున్నాను. సూటిగా విషయంలోకి వస్తాను.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తాను. మా అమ్మ తరఫున ఒక ప్రభుత్వ సేవకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి రసీదు తీసుకుంటున్నప్పుడు, ఆ లింకు చివర దరఖాస్తు నంబరు కనిపించింది. అదే సేవకు మా పిన్ని కూడా దరఖాస్తు పెట్టింది. ఆమెను అడిగి, ఆమె నంబరు అక్కడ వేశాను. పాస్‌వర్డ్ అడగలేదు, ఓటీపీ అడగలేదు. పిన్ని ఆధార్ కాపీ, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, ఫొటో అన్నీ తెరుచుకున్నాయి. నంబర్లు వరుసగా ఉన్నాయి కాబట్టి ఒక్కొక్కటీ పెంచుకుంటూ పోతే ఎవరివైనా తెరుచుకుంటాయని అర్థమైంది. అక్కడితో ఆగిపోయాను. బయటివాళ్ల నంబరు ఒక్కటి కూడా వేసి చూడలేదు.

ఆ కార్యాలయానికి ఈమెయిల్ రాశాను. జవాబు లేదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, జవాబు లేదు. స్వయంగా వెళ్లి చెబితే అక్కడి అధికారి అడిగిన మొదటి ప్రశ్న, "నిన్ను ఎవరు చూడమన్నారు?" రెండోది, "ఐటీ యాక్ట్ కింద కేసవుతుందని తెలుసా?" లోపం ఏమిటని మాత్రం అడగలేదు. ఇంటికొచ్చాక చాలా రోజులు టెన్షన్‌తో నిద్రపట్టలేదు. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే అమ్మ భయపడేది. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది రాసే రోజుకూ ఆ లోపం అలాగే ఉంది. పేరు బయటపెడితే, వివరాలు దొంగిలించాలనుకునేవాళ్లకు నేనే దారి చూపినట్లవుతుంది.

పక్కింటి సంపు మూత తెరిచి ఉంది, పిల్లలు పడతారు అని చెప్పినవాణ్ణి "మా కాంపౌండులోకి ఎందుకు తొంగి చూశావు?" అని నిలదీస్తే, రేపు మూత తెరిచి ఉన్నా ఎవరూ నోరు విప్పరు. నా వృత్తిలో ఉన్నవాళ్లు ఇప్పుడు చేస్తున్నది అదే. ఇది ఏ ఒక్క కార్యాలయంతోనో, ఏ ఒక్క అధికారితోనో వచ్చిన ఇబ్బంది కాదు. లోపం చూపించేవాళ్లను ఎలా చూడాలో మన వ్యవస్థ ఇంతవరకు తేల్చుకోలేదు. ఈ విషయంలో మీ ముందు ఒక మనిషి జీవితం పెట్టాలనుకుంటున్నాను. ఆయన కథలో ఒక అధ్యాయం మన హైదరాబాద్‌లోనే జరిగింది కాబట్టి.

ఆయన పేరు రాప్ గోంగ్రైప్. నెదర్లాండ్స్ దేశస్థుడు, 1968లో పుట్టారు. కుర్రతనం నుంచే ఫోన్ వ్యవస్థలు, కంప్యూటర్లు ఎక్కడ బలహీనంగా ఉంటాయో వెతకడం ఆయనకు పిచ్చి. 1989లో హ్యాక్‌టిక్ అనే పత్రిక మొదలుపెట్టి, ఆ బలహీనతలను అచ్చువేసి అందరికీ చెప్పేవారు. కంపెనీలకు, అధికారులకు ఆయన తలనొప్పిగా మారారు. 1993లో అదే మిత్రబృందంతో కలిసి ఎక్స్‌ఎస్‌ఫోర్‌ఆల్ అనే ఇంటర్నెట్ కంపెనీ పెట్టారు. అంతవరకు ఇంటర్నెట్ అంటే విశ్వవిద్యాలయాలకు, సంస్థలకు మాత్రమే. ఆ దేశంలో మామూలు మనిషి ఇంటికి ఇంటర్నెట్ తెచ్చిన తొలి కంపెనీల్లో ఇది ముందుంది. 1998లో దాన్ని అక్కడి పెద్ద టెలిఫోన్ సంస్థ కేపీఎన్ కొనుక్కుంది. కొన్నేళ్ల ముందు తలనొప్పి అనుకున్న కుర్రాళ్లు కట్టిన సంస్థ అది.

తర్వాత ఆయన కంప్యూటర్ భద్రత మీద, మూడో మనిషి వినలేని ఫోన్ల మీద పనిచేశారు. 2005 డిసెంబరులో బెర్లిన్‌లో హ్యాకర్ల మహాసభలో జర్మనీ హ్యాకర్ ఫ్రాంక్ రీగర్‌తో కలిసి మాట్లాడుతూ, వ్యక్తిగత గోప్యత కోసం చేసిన పోరాటంలో మనం ఓడిపోయామని అన్నారు. ప్రభుత్వాలు, కంపెనీలు మనుషుల వివరాలను గుట్టలుగా పోగేస్తున్నాయని ఆయన ఆవేదన. చాలామందికి అది అతిగా అనిపించింది. ఇరవై ఏళ్ల తర్వాత మన జేబులోని ఫోన్ వైపు చూసుకుంటే నాకు అలా అనిపించడం లేదు.

2006లో ఆయన తన దేశపు ఓటింగ్ యంత్రాల మీద దృష్టి పెట్టారు. నెదాప్ కంపెనీ యంత్రాలు అప్పటికి దాదాపు నెదర్లాండ్స్ అంతటా వాడుకలో ఉన్నాయి. అందులోని ప్రోగ్రామును మార్చవచ్చు, దూరం నుంచే ఓటు పసిగట్టవచ్చు అని గోంగ్రైప్ బృందం చెబితే, మా యంత్రం ఓట్లు లెక్కించడానికి తప్ప దేనికీ పనికిరాదు, దానితో చదరంగం ఆడించండి చూద్దాం అన్నట్లుగా కంపెనీ వైపు నుంచి జవాబొచ్చింది. బృందం ఆ యంత్రంతో నిజంగానే చదరంగం ఆడించింది. టీవీలో దేశమంతా చూసింది. అప్పుడు అక్కడి ప్రభుత్వం ఆయన్ను జైల్లో పెట్టలేదు. నిపుణుల సంఘాన్ని వేసి, 2007లో నివేదిక తెప్పించుకుని, 2008లో తిరిగి కాగితం, పెన్సిల్‌తో ఓటు వేసే పద్ధతికి వెళ్లింది. ఆ నిర్ణయం సరైనదా కాదా అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. వాదన యంత్రం గురించి జరిగింది, దాన్ని తెరిచి చూపిన మనిషిని శిక్షించడం గురించి కాదు.

ఆయన జీవితంలో వివాదాలు తక్కువేం కావు. 2010 ఏప్రిల్‌లో, రహస్య పత్రాలు ప్రచురించే వికీలీక్స్ సంస్థ బయటపెట్టిన బాగ్దాద్ అమెరికా సైనిక హెలికాప్టర్ దాడి వీడియోకు ఆయన సాయం చేశారు. ఆ ఏడాది డిసెంబరు 14న అమెరికా న్యాయస్థానం ఆయన ట్విట్టర్ ఖాతా వివరాలు రహస్యంగా అప్పగించమని ఆదేశించింది. అలా వివరాలు కోరిన ఖాతాదారుల్లో ఐస్‌లాండ్ పార్లమెంటు సభ్యురాలు బిర్గిట్టా యోన్స్‌దోత్తిర్ కూడా ఉన్నారు. ఖాతాదారులకు చెప్పే అనుమతి కోసం ట్విట్టర్ కోర్టుకు వెళ్లింది కాబట్టే ఈ సంగతి లోకానికి తెలిసింది. 2011 నవంబరులో కోర్టు వివరాలు ఇవ్వాల్సిందేనంది. ఆయన చేసిన ప్రతి పనినీ సమర్థించమని మిమ్మల్ని అడగను. వికీలీక్స్ గురించి నాకే కొన్ని అభ్యంతరాలున్నాయి. కానీ ఇలాంటి మనిషిని భరించిన దేశమే 2013 జనవరిలో ఒక మార్గదర్శకం ప్రచురించింది: లోపాన్ని బాధ్యతగా తెలియజేసేవాళ్లతో సంస్థలు ఎలా మెలగాలి, వాళ్లు ఏ హద్దులు పాటించాలి అని. అక్కడి ప్రభుత్వ వ్యవస్థలో లోపం కనిపెట్టి చెప్పినవాళ్లకు కృతజ్ఞతగా ఒక టీషర్టు పంపుతారు. వాళ్లు దాన్ని గర్వంగా వేసుకుంటారు.

ఇక హైదరాబాద్ సంగతి. 2010 ఫిబ్రవరిలో మన దేశపు ఈవీఎం ఒకటి, పేరు చెప్పడానికి ఇష్టపడని ఒకరి ద్వారా, మన నగరానికి చెందిన ఇంజినీరు వేమూరి హరికృష్ణ ప్రసాద్ బృందం చేతికి వచ్చింది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెక్స్ హాల్డర్మన్, గోంగ్రైప్ ఆయనతో చేరారు. మరికొందరు తెలుగు యువకులూ ఆ బృందంలో ఉన్నారు. ఫలితం చూపే బోర్డు స్థానంలో అలాంటిదే మరొకటి పెట్టి, లేదా లోపలి మెమరీకి చిన్న పరికరం తగిలించి ఓట్లు మార్చవచ్చని చేతిలో ఉన్న యంత్రం మీద చేసి చూపించారు. ఎన్నికల సంఘం అంగీకరించలేదు. యంత్రాల చుట్టూ ఉన్న కాపలా, సీళ్లు, అధికారుల పర్యవేక్షణ దాటి అది అసలు ఎన్నికల్లో సాధ్యం కాదంది. ఇది సాంకేతిక చర్చ, అలాగే సాగాల్సింది. కానీ యంత్రం చోరీ అయిందన్న కేసులో ఆగస్టు 21 తెల్లవారుజామున ముంబయి పోలీసులు హైదరాబాద్‌లోని హరిప్రసాద్ ఇంటికొచ్చి ఆయన్ను అరెస్టు చేశారు. యంత్రం ఎవరిచ్చారో చెప్పాలన్నారు, ఆయన చెప్పలేదు. వారం తర్వాత బెయిలిస్తూ మేజిస్ట్రేటు, ఒకవేళ యంత్రం దొంగిలించిందే అనుకున్నా ఈయనలో దురుద్దేశం కనిపించడం లేదని, యంత్రాల్లో ఎలా జోక్యం చేసుకోవచ్చో చూపాలన్నదే ఆయన ప్రయత్నమని అభిప్రాయపడ్డారు. అదే ఏడాది అమెరికాలోని డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ హరిప్రసాద్‌కు పయనీర్ పురస్కారం ఇచ్చింది.

ఈవీఎంల మీద తీర్పు చెప్పడం ఈ లేఖ ఉద్దేశం కాదు. ఓటు వేసినట్లు కాగితపు ఆధారం ఉండాలని 2013 అక్టోబరు 8న సుప్రీంకోర్టు చెప్పింది, వీవీప్యాట్లు వచ్చాయి. మళ్లీ బ్యాలెట్ పేపర్లు కావాలన్న కోరికను 2024 ఏప్రిల్ 26న అదే కోర్టు తోసిపుచ్చింది. ఆ తీర్పును గౌరవిస్తాను. హరిప్రసాద్ రాజకీయ సంబంధాల మీద, తర్వాతి ఏళ్లలో ఆయన చుట్టూ వచ్చిన వివాదాల మీద ఎవరి అభిప్రాయం వారికుంది. నేనడిగేది ఒక్కటే. ఒకే రకం పని చేసిన ఇద్దరిలో ఒకరికి ఆమ్‌స్టర్‌డామ్‌లో టీవీ చర్చ, ఇంకొకరికి హైదరాబాద్‌లో తెల్లవారుజామున పోలీసు జీపు ఎందుకు ఎదురయ్యాయి?

2010 తర్వాతైనా మారామా? కొంత మారాం, కొంత లేదు. 2018 జనవరిలో, 500 రూపాయలిస్తే ఆధార్ వివరాలు చూసే వీలు దొరుకుతోందని ట్రిబ్యూన్ పత్రిక రాస్తే, ఆధార్ సంస్థ ఫిర్యాదు మీద నమోదైన ఎఫ్ఐఆర్‌లో ఆ కథనం రాసిన విలేకరి పేరూ చేరింది. 2020 మే నెలలో ఆరోగ్యసేతు యాప్ మీద ఒక ఫ్రెంచ్ పరిశోధకుడు ప్రశ్నలు లేవనెత్తాక, కేంద్రం ఆ నెలలోనే యాప్ కోడ్‌ను బహిరంగం చేసి, లోపాలు చూపినవారికి బహుమతులు ప్రకటించింది. అంటే మన దేశంలోనూ, కావాలనుకుంటే, ఇది కొద్ది రోజుల్లో చేయగల పనే.

చేయకపోతే ఎవరికి నష్టమో చెబుతాను. హ్యాకర్లకు, ఐటీ ఉద్యోగులకు కాదు. వాళ్లు ఎలాగోలా బతుకుతారు.

1. వేలిముద్ర పోతే మళ్లీ రాదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో అందరికీ అందుబాటులో ఉన్న భూమి దస్తావేజులు డౌన్‌లోడ్ చేసుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి, ఇతరుల పేర్ల మీద వేలాది సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. ఆ దస్తావేజులు పొలం కొన్న రైతువి, ఇల్లు రాయించుకున్న అత్తమ్మవి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. ఊళ్లో వేలు పెట్టి పింఛను తీసుకునే, ఉపాధి కూలి తీసుకునే మనిషి బొటనవేలు మార్చుకోలేదు. ఆ వెబ్‌సైట్లో వేలిముద్రలు అలా కనిపించడం ప్రమాదమని ముందే ఎవరైనా గమనించి ఉంటే, చెప్పుకోవడానికి వాళ్లకు ఒక తలుపు ఉండేదా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

2. మోసగాడి ఫోన్‌కు బలం మన వివరాలే. డిజిటల్ అరెస్ట్ పేరుతో పెద్దవాళ్లను గంటల తరబడి ఫోన్‌కు కట్టిపడేస్తున్న ముఠాల గురించి మీకే బాగా తెలుసు, మీరే ప్రచారం చేస్తున్నారు. రిటైరైన టీచరమ్మ ఆ మాటలు ఎందుకు నమ్ముతుంది? అవతలివాడు ఆమె పూర్తి పేరు, తండ్రి పేరు, ఆధార్ చివరి నాలుగు అంకెలు, బ్యాంకు బ్రాంచి చెబుతాడు కాబట్టి. నిజమైన పోలీసుకు తప్ప ఇవన్నీ ఎవరికి తెలుస్తాయని ఆమె అనుకుంటుంది. నేను చూసిన ఆ పోర్టల్లో తెరుచుకున్నవి సరిగ్గా ఈ వివరాలే. "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని బస్టాపుల్లో బోర్డులు పెడుతున్నారు, మంచిదే. ఆమె ఎవరికీ చెప్పని వివరాలు కూడా బయటికి పోతున్నాయి.

3. కాగితం మీద ఒక న్యాయం, కంప్యూటర్లో ఒక న్యాయం. 2024 జనవరిలో ప్రజాపాలన దరఖాస్తులు బైకు మీద తీసుకెళ్తుండగా బాలానగర్ ఫ్లైఓవర్ మీద చెల్లాచెదురయ్యాయి. దారిన పోయేవాళ్లు వీడియో తీశారు, ఊరంతా చూసింది, బాధ్యుల మీద చర్యలు తీసుకున్నారు. వీడియో తీసినవాళ్ల మీద కేసు పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, రాకూడదు కూడా. అలాంటి దరఖాస్తులే ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్నాయని చెప్పినవాళ్లకు మాత్రం కేసు భయం చూపిస్తున్నారు.

4. 2024 జూన్‌లో పోలీసు శాఖ హాక్‌ఐ యాప్ వివరాలు బయటికి పోయాయి. అమ్మకానికి పెట్టిన విద్యార్థిని మీరు కొద్ది రోజుల్లోనే వేరే రాష్ట్రంలో పట్టుకున్నారు. దొంగిలించి అమ్మేవాణ్ణి పట్టుకోవాల్సిందే, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. ఆపదలో ఉన్న ఆడపిల్లలు సాయం కోసం వాడే యాప్ అది. తన నంబరు, తన చిరునామా బయటికి పోయాయో లేదో ఆ అమ్మాయికి తెలియాలి కదా. తెలిస్తే నంబరు మార్చుకుంటుంది, జాగ్రత్త పడుతుంది. ఒక్కొక్కరికీ విడిగా తెలియజేసే పద్ధతి రాసి పెట్టుకున్నామా?

5. బయటివాళ్లు పరిశీలించని వ్యవస్థ తప్పు చేస్తే పేదవాడు చెప్పుకునే దిక్కుండదు. క్షేత్రస్థాయిలో చూడకుండా కంప్యూటర్ లెక్కలతో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దు చేశారన్న పిటిషన్ మీద, వాటిని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మన రాష్ట్రాన్ని ఆదేశించింది. లేని కారు పేరు మీద ఉన్నట్లు చూపి బియ్యం ఆపేస్తే, ఆ ముసలమ్మ ఏ సర్వర్‌ను నిలదీస్తుంది? లోపల ఏ వివరం దేనితో కలుస్తోందో చూసి చెప్పగలిగే బయటి మనుషులు ఆమెకు కావాలి.

6. చూపు ఒకవైపు నుంచే ఉంది. 2021 అక్టోబరులో నగరంలో వాహనదారులను ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట ఉందేమోనని పోలీసులు వెతికిన వీడియోలు అందరం చూశాం. ముఖం గుర్తుపట్టే కెమెరాల మీద నగరానికి చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన పిటిషన్ మీద 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. మా జేబులో ఫోన్ మీరు చూడవచ్చు, మా ముఖం మీరు చూడవచ్చు, మీ పోర్టల్లో మా పత్రాలు భద్రంగా ఉన్నాయా అని మాత్రం మేం చూడకూడదు అంటే, ప్రజలు మిమ్మల్ని నమ్మరు. నమ్మకపోతే సర్వేలకు నిజం చెప్పరు, యాప్‌లు వాడరు, మోసపోయినా ఫిర్యాదు చేయరు.

7. పిల్లలు. అమీర్‌పేటలో ఏ గల్లీలో చూసినా ఎథికల్ హ్యాకింగ్ నేర్పుతామన్న బోర్డులే. జిల్లాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి నేర్చుకుంటున్నారు. వాళ్లలో చురుకైనవాళ్లు విదేశీ కంపెనీల యాప్‌లలో లోపాలు వెతికి, రాసి పంపి, డాలర్లలో బహుమతి తెచ్చుకుంటున్నారు. ఆ కంపెనీలు హద్దులు రాసి పెట్టాయి, హద్దు దాటకపోతే కేసు పెట్టబోమని మాటిచ్చాయి. అదే కుర్రాడు సొంతూళ్లో నాన్నమ్మ పింఛను పోర్టల్లో లోపం చూస్తే కంప్యూటర్ మూసేసి ఊరుకుంటాడు. ఇంతకంటే పెద్ద నష్టం ఈ రాష్ట్రానికి ఏముంటుందో నాకు తెలియదు. ఊరుకోని మరొకడు ఆ వివరాలు కొనేవాణ్ణి వెతుక్కుంటే, తప్పు చేసింది వాడే. చెప్పుకునే చోటు లేకుండా చేసినందుకు మనకూ అందులో వాటా ఉంది.

ఇప్పుడు చట్టం మాట. దీనికి పార్లమెంటు కొత్త చట్టం చేసేదాకా ఆగనక్కర్లేదు. సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ అనుమతి లేకుండా కంప్యూటర్లోకి వెళ్లడం గురించి చెబుతుంది. దాన్ని నేరంగా చూసి మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా వేసేది 66వ సెక్షన్. ఆ 66లోనే ఒక షరతు స్పష్టంగా ఉంది: ఆ పని నిజాయితీ లేకుండా లేదా మోసపు ఉద్దేశంతో చేసి ఉండాలి. ముందుగా మీకే తెలియజేసినవాడు, ఒక్క కాగితం దాచుకోనివాడు, పైసా అడగనివాడు ఈ షరతు కిందికి ఎలా వస్తాడు? 2010లో ముంబయి మేజిస్ట్రేటు చూసింది కూడా ఉద్దేశాన్నే. కానీ కోర్టు ఆ మాట చెప్పేలోపు ఉద్యోగం పోతుంది, ల్యాప్‌టాప్ సీజ్ అవుతుంది, ఇంట్లో పెళ్లి సంబంధం తప్పిపోతుంది. అందుకే కేసు పెట్టే ముందే పోలీసులు ఈ తేడా గుర్తించాలి.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఆ పిటిషన్ వేసిన జస్టిస్ పుట్టస్వామి ఒకప్పుడు మన ఉమ్మడి రాష్ట్రంలో బీసీ కమిషన్‌కు అధ్యక్షత వహించిన పెద్దమనిషి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. వివరాలు బయటికి పోతే ఆ చట్టం కింద ఏర్పడే డేటా రక్షణ బోర్డుకే కాదు, ఆ మనుషులకూ చెప్పాలని చట్టం అంటోంది. తగిన భద్రత పెట్టనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి నియమాల నాటి నుంచి 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు మనం సర్దుకోవడానికి ఇచ్చింది.

మా డిమాండ్లు ఇవి:

1. ఒక రాతపూర్వక హామీ ప్రభుత్వ ఉత్తర్వుగా రావాలి. సదుద్దేశంతో లోపం కనిపెట్టి, అవసరానికి మించి ఎవరి వివరాలూ చూడకుండా, కాపీ చేయకుండా, దేన్నీ చెరపకుండా, ముందు ప్రభుత్వానికే తెలియజేసి, సరిచేసుకోవడానికి తగిన సమయం ఇచ్చినవారి మీద కేసు పెట్టబోమని అందులో ఉండాలి. అమెరికా న్యాయశాఖ 2022 మేలో ఇలాంటి విధానం ప్రకటించింది. బెల్జియంలో 2023లో చట్టమే అమల్లోకి వచ్చింది. హద్దులు కఠినంగా పెట్టండి, పాటిస్తాం. కానీ హద్దులంటూ రాయండి.

2. అన్ని శాఖలకూ కలిపి ఒకే ఈమెయిల్, ఒకే ఫోన్ నంబరు ఉండాలి, ప్రతి ప్రభుత్వ వెబ్‌సైట్ అడుగున కనిపించాలి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్‌ఇన్‌కు ఇలాంటి ఏర్పాటు ఉంది, రాష్ట్ర పోర్టళ్లకు మన దగ్గరే ఉండాలి. మూడు పనిదినాల్లో అందినట్లు జవాబు, 30 రోజుల్లో సరిచేయడం లేదా ఆలస్యానికి కారణం చెప్పడం. తెలుగులో, ఉర్దూలో కూడా రాసే వీలుండాలి. మండలంలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే కుర్రాడు మాకంటే ముందే చాలా లోపాలు చూస్తాడు.

3. లోపం తెలియజేసినవారి మీద ఫిర్యాదు వస్తే, సాంకేతిక అర్హత ఉన్న అధికారి ఉద్దేశాన్ని పరిశీలించి రాతపూర్వకంగా అభిప్రాయం ఇచ్చేదాకా ఎఫ్ఐఆర్ వద్దు, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు సీజ్ చేయడం వద్దు. ఈ మేరకు అన్ని పోలీసు స్టేషన్లకూ సర్క్యులర్ పంపండి.

4. వివరాలు బయటికి పోయిన ప్రతిసారీ, చట్టం గడువు కోసం చూడకుండా, ఆయా మనుషులకు ఎస్ఎంఎస్‌లో తెలుగులో చెప్పండి: ఏ వివరాలు పోయాయి, ఇప్పుడేం చేయాలి, ఆధార్ బయోమెట్రిక్ ఎలా లాక్ చేసుకోవాలి.

5. బయటివాళ్లకు తెరిచి ఉన్న దస్తావేజుల్లో వేలిముద్రలు, పూర్తి ఆధార్ నంబర్లు ఎక్కడున్నా కప్పేయండి. పని పూర్తయిన పథకాలకు తీసుకున్న పత్రాల కాపీలు తొలగించండి. లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు.

6. కోర్టు ఉత్తర్వు లేకుండా రోడ్డు మీద ఎవరి ఫోనూ తెరిపించకూడదని రాతపూర్వకంగా ఆదేశించండి.

7. శాసనసభ్యులకు: పౌరుల వివరాలున్న ఎన్ని ప్రభుత్వ పోర్టళ్లకు గత ఏడాది బయటి సంస్థతో భద్రతా తనిఖీ జరిగిందో సభలో అడగండి. ఏ లోపాలున్నాయో చెప్పమనడం లేదు, తనిఖీ జరిగిందా లేదా అన్నది చాలు.

నేను చూసిన ఆ లోపం మాత్రం వీటన్నిటికంటే ముందు మూయాలి. ఉత్తర్వులు వచ్చేదాకా అది ఆగదు. ఆ పోర్టల్ పేరు, లోపం వివరాలు, నేను పంపిన ఉత్తరాల నకళ్లు సీల్డ్ కవరులో సిద్ధంగా ఉంచాను. ఏ అధికారికి ఇవ్వాలో, అందినట్లు రసీదు ఎవరిస్తారో, ఇచ్చినందుకు నా మీద కేసు ఉండదని ఎవరు సంతకం పెడతారో బహిరంగంగా తెలియజేయండి. మరుసటి రోజే వచ్చి అప్పగిస్తాను.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్
హైదరాబాద్